కాలు ఆనే బండి

మనిషికి పేర్లు రెండు. ఒకటి తల్లిదండ్రులు పెట్టేది, రెండోది బళ్ళో పిల్లలు పెట్టేది. మొదటిది జీతం రిజిస్టరులో పనికివస్తుంది, రెండోది వూళ్ళో పనికివస్తుంది. జుక్కల్‌లో ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పిన నాకు నా శిష్యులు పెట్టిన పేరు 'పొట్టి సార్'. కోపంతో ఆ మాట అన్నవాడు ఒక్కడూ లేడు. బస్సు దిగి "పొట్టి సార్ ఇల్లెక్కడ?" అని అడగండి, పలకపట్టిన పిల్లవాడు కూడా వేలుపెట్టి చూపిస్తాడు. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. మా ఆవిడ నాకంటే అంగుళం తక్కువ. యిక మా అమ్మాయి, యిద్దరి పొదుపూ కలిసివచ్చినట్టుంది, సరిగ్గా అయిదడుగుల దగ్గర ఆగిపోయింది.

ఆ అమ్మాయి 2025 దీపావళి వెళ్ళిన ఆదివారంనాడు, నేను పత్రికలో మొహం దాచుకుని వుండగా, చల్లగా ఒక మాట అన్నది.

"బాపూ, నేను మోటరుసైకిల్ కొనుక్కుంటున్న. స్కూటీ కాదు. క్రూజర్."

అమ్మాయికి బాన్సువాడలో బ్యాంకు ఉద్యోగం. రోజూ జుక్కల్ నుంచి బిచ్కుంద మీదుగా, మంజీర దాటి వెళ్ళి, మళ్ళీ చీకటిపడేవేళకు రావాలి. బస్సు వుంటే సీటు వుండదు, సీటు వున్ననాడు బస్సు రాదు. ఆ దారి స్కూటరుమీద కొన్నాళ్ళు తిరిగింది. చిన్న చక్రాలు గదా, గుంటలో దిగితే నడుము లెక్కలు చెపుతుంది. పెద్ద చక్రాల బండి కావాలి, వీపు నిటారుగా వుండాలి, వెనక అమ్మను కూర్చోబెట్టుకునే వీలుండాలి. పిల్ల చెప్పినవన్నీ న్యాయమైన కారణాలే. 2018లో జై భారతి అనే ఆవిడ నాయకత్వంలో నలుగురు స్త్రీలు హైదరాబాదు నుంచి మోటారు సైకిళ్ళమీద బయలుదేరి మయన్మారు, థాయిలాండు, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టివచ్చిన సంగతి కూడా ఏకరువుపెట్టింది. "వాళ్ళు వియత్నాం పోయిన్రు, నేను బాన్సువాడ పోలేనా?"

నాకు జవాబు తోచలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ, పిల్లవంక కాదు, నావంక చూసింది.

"ఒక్కసారి పడ్డది సాలదా?" అన్నది.

ఆ ఒక్కసారి సంగతి మీకు చెప్పాలి. చెప్పకపోతే యీ వారం కబురుకు కాళ్ళు వుండవు.

1999లో నేనొక పాత 350 సి.సి. మోటారు సైకిలు కొన్నాను. వూళ్ళో అప్పటికి అలాంటి బళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అమ్మినాయన మంచివాడు. నన్ను పైనుంచి కిందికి చూసి, "సార్, కాళ్ళు అందుతయా?" అని అడిగాడు. "పరవాలేదు" అన్నాను. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు. ఆ పుట్టెడులో ఒక మానిక గర్వం కూడా వుంటుంది, సామెత చెప్పినవాడు ఆ సంగతి మరిచిపోయాడు. బండి ఎక్కితే నా రెండు కాళ్ళకూ బొటనవేళ్ళు మాత్రమే నేలను పలకరించేవి. అయినా పరుగెత్తే బండిమీద నా ఎత్తు ఎవరికి తెలుస్తుంది? బజారులో వెళుతూంటే నాకు నేనే ఆరడుగులు కనిపించేవాణ్ణి.

ఒక సెలవునాడు పిల్లను అమ్మమ్మ దగ్గర వదిలి, మా ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని కౌలాస్ కోట చూడటానికి వెళ్ళాను. కౌలాస్ మా మండలంలోనే వుంది. తిరిగివస్తూంటే ఎగుడుదారిలో మేకలమంద అడ్డం వచ్చింది. బండి ఆపాను. ఎడమకాలు దించాను. అక్కడ నేల లేదు! రోడ్డు అంచు జానెడు కిందికి దిగిపోయి వుంది. బొటనవేలు గాలిలో వెతుక్కుంది. బండి వొరిగింది. వొరిగిన బండిని పిడికెడంత మనిషి ఆపలేడు గదా. నేను పక్కకు దూకాను. ఒకవైపుగా కూర్చున్న మా ఆవిడ కాలు బండికిందికి వెళ్ళింది. చీలమండ విరిగింది. రెండు నెలలు మంచం, తరువాత ఆరు నెలలు కుంటటం.

యిదీ జరిగింది. అయితే మా యింట్లో యిరవయ్యారేళ్ళుగా చెలామణీ అవుతున్న కథ యిది కాదు. బండికింద నుంచి ఆవిడను లాగుతూ, చుట్టూ చేరిన మేకలకాపరులముందు నేనన్న మొదటిమాట: "కదలవద్దని చెప్పానా? నువ్వు కదిలావు, బండి పడింది!"

ఆ మాట ఆవిడ నమ్మింది. బంధువులు నమ్మారు. కొన్నాళ్ళకు నేను కూడా నమ్మేశాను. బండి అమ్మేశాను. దాంతో ఆ కథ ముగిసిందనుకున్నాను.

"సరే, ముందు చూద్దాం" అన్నాను అమ్మాయితో. చూద్దాం అంటే వద్దని అర్థం అని మా తరంవాళ్ళకు తెలుసు. యీ తరంవాళ్ళు దాన్ని నిజంగా చూడటమే అనుకుంటారు. మర్నాడే టేపు పట్టుకు వచ్చింది.

నాబోటి ఎత్తువాళ్ళు మీలోనూ వుంటారు, మీ పిల్లల్లోనూ వుంటారు. అందుకని ఆ తరువాత పదిహేను రోజులు మేము నేర్చుకున్నది వరుసగా చెపుతాను.

మొదటిది: మనిషి ఎత్తు కాదు, కాలి ఎత్తు కొలవాలి. చెప్పులు విప్పి గోడకు వీపు ఆనించి నిలబడాలి. గట్టి అట్టపుస్తకం ఒకటి తొడలమధ్య పైదాకా జరిపి పట్టుకోవాలి. పుస్తకం పై అంచు గోడమీద ఎక్కడ తగిలిందో గీత గీసి, అక్కడనుంచి నేలకు కొలవాలి. మా అమ్మాయికి 70 సెంటీమీటర్లు వచ్చింది. ఒకే ఎత్తున్న యిద్దరికి యీ కొలత రెండు మూడు అంగుళాలు తేడా రావచ్చు. కొందరికి ఎత్తంతా నడుముపైన వుంటుంది, కొందరికి కింద. కుర్చీలో కూర్చున్నప్పుడు నేను ఎవరికీ తీసిపోను. లేచి నిలబడితేనే చిక్కు.

రెండోది: క్రూజరు అంటే యేమిటి? కాళ్ళు కాస్త ముందుకు చాపుకుని, హాండిలు మనదగ్గరికి వంగివుండగా, పడక్కుర్చీకీ మామూలు కుర్చీకీ నడిమి తీరులో కూర్చునే బండి. కాలు ముందుకు వెళుతుంది గనక మోకాలు మడవటానికి చోటు అవసరం లేదు. అందుకని సీటును రెండు చక్రాలమధ్య కిందికి దించి అమర్చగలుగుతారు. ముందుచక్రం దూరంగా వుంటుంది, బండి పొడుగుగా వుంటుంది. తిన్నటి రోడ్డుమీద స్థిరంగా పోతుంది, యిరుకుసందులో తిప్పటానికి మాత్రం చోటు ఎక్కువ కావాలి. ఏతావాతా పొట్టివాళ్ళకోసం చేసిన బండి కాకపోయినా, పొట్టివాళ్ళకు కలిసివచ్చిన బండి.

నిజామాబాదు వెళ్ళాం, హైదరాబాదు వెళ్ళాం. దుకాణాల కుర్రవాళ్ళు హార్సు పవరు చెపుతున్నారు, మేము టేపు తీసి సీటు కొలుస్తున్నాం. వాళ్ళు మైలేజీ చెపుతున్నారు, మేము బరువు అడుగుతున్నాం. ఒకాయన నవ్వాడు కూడా. నవ్వనివ్వండి.

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, బరువు 195 కిలోలు. బండి అందంగా వుంది. అమ్మాయి ఎక్కి కూర్చుంటే నా బొటనవేళ్ళే మళ్ళీ కనిపించాయి. నాకు గుండె దడదడలాడింది. "దిగమ్మా" అన్నాను.

అదే కంపెనీ 2020 నవంబరులో తెచ్చిన మీటియోర్ 350 అసలైన క్రూజరు. సీటు 765, బరువు 191. అమ్మాయికి రెండు పాదాల ముందుభాగాలు నేలకు ఆనాయి, మడమలు లేచివున్నాయి. ఒకవైపు కాస్త జరిగి కూర్చుంటే ఒక పాదం పూర్తిగా ఆనింది. ముందూ వెనకా రెండు చక్రాలకూ ఏబీయెస్ వుంది. అంటే బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుని జారకుండా చూసే యేర్పాటు. బాగుంది. మనసులో ఒక గుర్తు పెట్టుకున్నాం.

జావా 42 బాబర్ సీటు 740, బరువు 175. పాదాలు చక్కగా ఆనాయి. అయితే దానికి వున్నది ఒక్కటే సీటు. "అమ్మ ఎక్కడ కూసుంటది?" అన్నది పిల్ల. దుకాణం కుర్రవాడు తల గోక్కున్నాడు. అక్కడితో ఆ బేరం సరి.

యిక మీటియోర్‌కు అన్నగారు సూపర్ మీటియోర్ 650. యిక్కడే నాకు కనువిప్పు అయింది. సీటు 740, తమ్ముడికంటే అంగుళం తక్కువ! కాగితంమీద చూస్తే పొట్టివాళ్ళ పాలిటి కల్పవృక్షం. బరువు చూడండి: 241 కిలోలు. పాదాలు ఆనటం వేరు, ఆనిన పాదంతో ఆపగలగటం వేరు. ఎడ్లబండి ఎక్కినవాడల్లా ఎద్దును ఆపలేడు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సి.సి. దాకా వున్న బళ్ళకు జీయెస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అంతకు మించినవాటికి 40 శాతం అయింది. మధ్యతరగతివాళ్ళం, ఆ గీత యివతలే ఆగటం మంచిది.

చివరికి బజాజ్ అవెంజర్ 220 క్రూజ్. సీటు 737, బరువు 163. అమ్మాయి కూర్చున్నది. రెండు మడమలూ నేలమీదికి వచ్చాయి. నాకు హమ్మయ్య అనిపించింది. అయితే లోపాలు లేకపోలేదు. దీనికి ఏబీయెస్ ముందుచక్రానికే. వెనక బ్రేకు అదరాబాదరాగా తొక్కితే చక్రం జారుతుంది. కాళ్ళు పెట్టే చోటు బాగా ముందుకు వుంది. బండి పొడుగుకూడా ఎక్కువే, ముందుచక్రం యిరుసు నుంచి వెనకచక్రం యిరుసుకు 1490 మిల్లీమీటర్లు, మీటియోర్‌కు 1400. హాండిలు ఒకవైపు పూర్తిగా తిప్పితే అమ్మాయికి రెండోవైపు చెయ్యి సాగతీసినట్టయి, క్లచ్చు వేళ్ళకొసలకు దొరికింది.

కాలు చూసుకున్నవాళ్ళు చెయ్యి చూసుకోవటం మరిచిపోతారు. సీటుమీద కూర్చుని హాండిలు యీ కొసనుంచి ఆ కొసదాకా తిప్పిచూడండి. క్లచ్చు, బ్రేకు రెండూ నాలుగువేళ్ళకు పూర్తిగా అందాలి. తరువాత వెనకబ్రేకు పెడలు పాదంతో అందాలి, బొటనవేలితో కాదు.

రెండు బళ్ళమధ్య మనసు వూగుతూ వూరికి వచ్చాం. మా బస్‌స్టాండు దగ్గర ఒక మేస్త్రీ వున్నాడు. మావూరిది ఒక విచిత్రం. 1956 దాకా జుక్కల్, బిచ్కుంద రెండూ నాందేడు జిల్లా దేగ్లూరు తాలూకాలో వుండేవి. రాష్ట్రాల పునర్విభజనలో తెలుగువైపు వచ్చాయి. కర్ణాటక కూడా కూతవేటు దూరం. అందుకని మా మేస్త్రీ తిట్టేది మరాఠీలో, బేరమాడేది కన్నడంలో, నిజం చెప్పేది తెలుగులో. నా దగ్గర ఎనిమిదో క్లాసు తప్పినవాడు. నాకు ఆరోజు పాఠం చెప్పాడు.

మా ఆవిడ కూడా వచ్చింది. రానని అన్నది, మళ్ళీ మా వెనకే వచ్చి రేకులషెడ్డుకింద బెంచీమీద కూర్చుంది.

"సార్, బండి నడిచేటప్పుడు పొట్టోడు లేడు, పొడుగోడు లేడు. ఆగినప్పుడే ఎరుకైతది ఎవని కాలు ఎంతో" అని మొదలుపెట్టాడు మేస్త్రీ. ముప్ఫయ్యేళ్ళు చెప్పిన లెక్కల్లో నేను యింత సూక్ష్మమైన సూత్రం చెప్పలేదు.

సీటు కోసి ఎత్తు తగ్గించవచ్చా అని అడిగాం. తగ్గించవచ్చునన్నాడు. అయితే పైనుంచి నురుగు తీసేయటంకంటే ముందుభాగంలో రెండు పక్కలా సన్నం చేయించటం మేలట. వెడల్పు సీటు తొడలను దూరంగా తోస్తుంది, ఆ మేరకు కాలు పొట్టి అవుతుంది. సీటు సన్నమైతే అదే కాలు నిటారుగా దిగుతుంది. మరి వెనక షాకబ్జార్లు పొట్టివి వేయిస్తే? "వొద్దు సార్" అన్నాడు ఖండితంగా. బండి కిందికి దిగితే స్పీడు బ్రేకర్లకు పొట్ట తగులుతుంది. పక్క స్టాండు ఎప్పటి పొడుగే వుంటుంది గనక బండి నిటారుగా నిలబడి, గాలివాటుకు అవతలిపక్కకు పడుతుంది. "మడమ ఎత్తున్న బూటు తొడుగు, గాని కంపెనీవోడు పెట్టిన ఎత్తును గెలకకు" అన్నాడు. ఆ బూటుకు కూడా అడుగు బల్లపరుపుగా, వెడల్పుగా వుండాలట. కోసుగా వుండే ఆడవాళ్ళ మడమజోళ్ళు పనికిరావు.

హాండిలు సంగతి చెపితే నవ్వేశాడు. బిగింపు బోల్టులు వదులుచేసి హాండిలును మనవైపుకు కాస్త తిప్పి మళ్ళీ బిగిస్తే చేతికి దగ్గరవుతుందట. సీటు ఎత్తు తగ్గించటం పెద్దపని, హాండిలు దగ్గరికి తేవటం చిన్నపని. పెద్దపనికి సరిపోయే బండి కొని, చిన్నపని యింటిదగ్గర చేసుకోవాలి. నా మనసులో వూగుతున్న తక్కెడ ఆ మాటతో ఒకవైపుకు మొగ్గింది.

తరువాత ఆగటం నేర్పాడు. తన అవెంజరు ఒకటి, బాగా పాతది, బయటికి తీశాడు. ఆగబోయేముందు పదిగజాల దూరంనుంచే నేలను చూడాలి, కాలు ఎక్కడ పెడతామో ముందే యెంచుకోవాలి. రోడ్డు అంచున ఎప్పుడూ ఆగవద్దు. రోడ్డు నడుమ ఎత్తుగా, అంచున పల్లంగా వుంటుంది. ఎడమకాలికి నేల అందదు. హాండిలు తిన్నగా పెట్టి ఆగాలి. వంకరగా వుండగా ముందుబ్రేకు పట్టితే నిలబడ్డ బండి నిలబడ్డట్టే వొరుగుతుంది. చివరి రెండు గజాలూ వెనకబ్రేకుతో ఆగాలి. పల్లంవైపు మూతిపెట్టి బండి నిలపవద్దు. పొట్టికాళ్ళతో వెనక్కు నెట్టలేము. మా నల్లరేగడిలో వానాకాలం స్టాండు వెన్నలో కత్తిలా దిగుతుంది, డిక్కీలో అరచేతి వెడల్పు చెక్కముక్క ఒకటి వుంచుకుని దానిమీద స్టాండు వెయ్యాలి.

పడితే? పడటంకూడా నేర్పాడు. గోనెసంచులు పరిచి బండిని మెల్లిగా పడుకోబెట్టాడు. ముందు ఇంజను ఆపాలి. కుడివైపు పడితే లేపకముందే స్టాండు తీసిపెట్టుకోవాలి. గేరులో వుంచాలి, దొర్లిపోదు. మనిషి సీటుకు వీపు ఆనించి కిందికి కూర్చుని, ఒకచేత్తో హాండిలు, ఒకచేత్తో వెనక కడ్డీ పట్టుకుని, నడుముతో కాదు, తొడలబలంతో, చిన్న చిన్న అడుగులు వెనక్కు వేస్తూ లేవాలి. అయిదడుగుల మా అమ్మాయి మూడోసారికి బండిని లేపి నిలబెట్టింది. చుట్టూ చేరిన పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళు చెమర్చాయి. నేనుకూడా ప్రయత్నిస్తే నాలుగోసారికి లేచింది. బండి కాదు, నా నడుంనొప్పి.

అప్పుడు మా ఆవిడ బెంచీమీద నుంచి మెల్లిగా అడిగింది.

"బిడ్డా, ఎనక కూసున్న మనిషి కదిలితే బండి పడతదా?"

మేస్త్రీ చెయ్యి తుడుచుకున్నాడు. "యెందుకు పడతదమ్మా? ముందటోని కాలు నేలకు ఆనితే, ఎనకోళ్ళు కదిలినా ఆపుకుంటడు. కాలు ఆనకుంటే, ఎనకోళ్ళు కదలకున్నా పడతది" అన్నాడు. ఏదో మామూలుమాట చెప్పినట్టు చెప్పి, స్పానరు అందుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మా ఆవిడ నావంక చూడలేదు. చూసివుంటే బాగుండేది.

రాత్రి భోజనాలయాక అమ్మాయి పడుకుంది. నేను వాకిట్లో మంచంమీద, ఆవిడ గడపమీద. చాలాసేపు చిమ్మెటల చప్పుడు విన్నాం. తుదకు చెప్పాను. "ఆనాడు నువ్వు కదలలేదు. నా కాలు అందలేదు. అందదని బండి కొన్ననాడే నాకు తెలుసు."

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది: "ఇరవై ఆరేండ్లసంది ఆటోల కూసున్నా కదలలే నేను. బస్సుల కూసున్నా కదలలే. నేను కదిలితే ఏమైతదో అని ఊపిరి బిగబట్టుకుని కూసున్న."

నాకు గుర్తు వచ్చింది. నిజమే. పెళ్ళిళ్ళకు జీపులో వెళుతూంటే అందరూ నవ్వుతూ తుళ్ళుతూ వుంటే, యీవిడ మాత్రం కొయ్యబొమ్మలా బిగుసుకుని కూర్చునేది. ఆవిడ స్వభావమే అంత అనుకున్నాను. విరిగిన చీలమండ ఎనిమిది నెలల్లో అతుక్కుంది. నా నోటినుంచి జారిన ఒక్కమాట యిరవయ్యారేళ్ళు అతుక్కోలేదు. దానికి కట్టు కట్టవలసినవాణ్ణి నేను, కట్టలేదు.

క్షమించమని అడగటం మా తరం మగవాళ్ళకు అలవాటు లేదు. అడిగాను. బాగానే అడిగానో లేదో తెలియదు. ఆవిడ లేచి లోపలికి వెళుతూ గుమ్మంలో ఆగింది.

"నా బిడ్డకు కాలు ఆనే బండి కొనుండ్రి. ఎవరన్న నవ్వితే నవ్వనియ్యుండ్రి" అన్నది.

అవెంజరే కొన్నాం. నా సలహా ఆ బండి కొనమని కాదు. మీ పిల్లకు కాళ్ళు యింకో అంగుళం పొడుగైతే మీటియోర్ బాగుండవచ్చు, ఒంటరిగా తిరిగేవాడికి ఒంటిసీటు బండి చాలవచ్చు. కొలత మీది, బండి మీది. నేను చెప్పేది ఒక్కటే: బండిని పరుగెత్తిస్తూ కాదు, ఆపి చూసి కొనండి. అమ్మేవాడు "కాళ్ళు అందుతయా?" అని అడిగితే, నిజం చెప్పండి. ఆ ప్రశ్న అడిగినవాడు మీ హితం కోరినవాడు.

మేస్త్రీ హాండిలు తిప్పి బిగించాడు. కూర్పు సరిచేసేవాడిచేత సీటు ముందుభాగం సన్నం చేయించాం. ఐ.ఎస్.ఐ. గుర్తున్న హెల్మెట్లు రెండు కొన్నాం, రెండోది అమ్మకు. పదిరోజులు పొద్దున్నే బడి మైదానంలో ఆగటం, తిరగటం, మళ్ళీ ఆగటం. వామనుడు బలిచక్రవర్తిని మూడడుగులు అడిగాడు. మా పిల్ల అడిగింది రెండే. రెండూ నేలమీద వున్నాయి.

మొన్న ఆదివారం తల్లీకూతుళ్ళు కౌలాస్ బయలుదేరారు. ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళే నిర్ణయించుకున్నారు, నేను కిమ్మనలేదు. మా ఆవిడ జీవితంలో మొదటిసారి కూతురి పంజాబీడ్రెస్సు తొడుక్కుని, ఒకవైపుగా కాకుండా కాళ్ళు రెండువైపులా వేసి కూర్చుంది. హెల్మెట్టులో మొహం చంద్రబింబంలా వుందని అందామనుకుని, ధైర్యం చాలక వూరుకున్నాను.

బండి మలుపుదాకా వెళ్ళి, ఎదురుగా ట్రాక్టరు వస్తూంటే ఆగింది. అమ్మాయి ఎడమపాదం మడమతోసహా నేలకు ఆనటం యింటిముందునుంచే నాకు కనిపించింది. అప్పుడు మా ఆవిడ వెనక్కు, పూర్తిగా నడుముదాకా, తిరిగి నాకు చెయ్యి వూపింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

బండి కదలలేదు.